బొమ్మ రాని పీఎస్4: బోర్డు పోయిందన్నారు, పోలేదు

పిడుగు పడ్డాక బొమ్మ రావడం మానేసిన మా తమ్ముడి గేమ్ మెషీన్, ప్లేస్టేషన్ 4 (పీఎస్4) స్లిమ్‌ను శ్రీకాకుళంలోనే ఒక షాపులో చూపించాను. కౌంటర్లో కుర్రాడు టీవీకి పెట్టి ఆన్ చేశాడు, బొమ్మ రాలేదు. "మదర్‌బోర్డు పోయింది సార్, మార్చాలి. 14,000 అవుద్ది" అన్నాడు. విప్పి చూడలేదు, మల్టీమీటరు పెట్టలేదు. బోర్డులో ఏం పోయిందని అడిగితే, "పిడుగు పడిందన్నారు కదా, ఇంకేం మిగుల్తుంది" అన్నాడు. ఏది పోయిందో తెలియకుండానే ధర ఎలా కట్టాడో నాకు అర్థం కాలేదు. మెషీన్ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

డబ్బు సంగతి ఒకటే కాదు. పీఎస్4లో హార్డ్ డిస్క్‌ను ఆ మెషీన్ తాళంతోనే ఎన్‌క్రిప్ట్ చేస్తారు, అంటే వేరే మెషీన్ చదవలేని గుప్తలిపిలో రాస్తారు. బోర్డు మారిస్తే కొత్త బోర్డు ఆ డిస్క్‌ను చదవలేదు, ఫార్మాట్ చేయమంటుంది. డిస్క్ డ్రైవ్ సర్క్యూట్ కూడా పాత బోర్డుతోనే జతపడి ఉంటుంది, కొత్తదానితో డిస్క్ గేములు ఆడవు. మా తమ్ముడు మొదటి జీతంతో కొన్న మెషీన్ ఇది. క్రికెట్ గేములో వాడు ఏళ్ల తరబడి నడిపిన కెరీర్ అంతా అందులోనే ఉంది, ఆన్‌లైన్లో దాచుకోలేదు. వాడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. బోర్డు మార్చేస్తే ఇవేవీ ఉండవని షాపులో ఒక్క ముక్క చెప్పలేదు. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే.

ఇంటికి తెచ్చాక అమ్మ, "ఒగ్గీరా బాబూ, ఇనప సామానోడికి ఇచ్చీ" అంది. మా గుజరాతీపేటలో వీధి చివర టీవీలు బాగుచేసే బాబాయ్ ఉన్నాడు. ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని మొత్తం విన్నాడు. "బొమ్మ రాకపోతే సెట్టు సచ్చిపోయినట్టేట్రా? ఊపిరుందో నేదో ముందు సూడాల" అన్నాడు. మెషీన్ గురించి ఆయనకి తెలీదు, లోపం వెతకడం తెలుసు. నాకు మెషీన్ తెలుసు. ఇద్దరం కూర్చున్నాం.

ముందు లైటు. పీఎస్4 బటన్ నొక్కితే ఒక బీప్ వస్తుంది, నీలం లైటు వెలుగుతుంది, తర్వాత తెలుపులోకి మారుతుంది. నీలం కొట్టుకుని కొట్టుకుని ఆరిపోతే అది పెద్ద జబ్బు: పవర్ సప్లై, హార్డ్ డిస్క్, అసలు ప్రాసెసరే అయినా కావచ్చు. మాది తెలుపులోకి వచ్చి నిలబడింది. డిస్క్ పెడితే లోపలికి లాక్కుంది, ఎజెక్ట్ నొక్కితే బయటికి ఇచ్చింది. కంట్రోలర్ మీద పీఎస్ బటన్ నొక్కితే దాని లైటు నీలంగా నిలబడింది. అంటే లోపల సిస్టమ్ లేచి కూర్చుంది, మనకి కనబడట్లేదంతే.

బొమ్మని టీవీకి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాం, పక్కింటి మానిటర్‌కి పెట్టాం, అక్కడా చీకటే. కానీ ఈ పనిలోనే ఒక ఆనవాలు దొరికింది. మా టీవీలో గేమ్ ఎప్పుడూ పెట్టే మొదటి హెచ్‌డీఎంఐ సాకెట్‌కి పక్కింటి సెట్‌టాప్ బాక్స్ పెట్టినా బొమ్మ రాలేదు, రెండో సాకెట్‌లో వచ్చింది. బాబాయ్ వెంటనే గోడవైపు చూశాడు, కేబుల్ టీవీ వైరు వచ్చే కన్నం వైపు.

పిడుగు మా సందు వెనక కొబ్బరిచెట్టు మీద పడింది. ఉరుము వినగానే అమ్మ స్విచ్చులన్నీ కట్టేసింది. కానీ స్విచ్ కడితే ఫేజ్ ఒక్కటే తెగుతుంది, న్యూట్రల్ తగిలే ఉంటుంది. కేబుల్ వైరుకి అసలు స్విచ్చే లేదు. పిడుగు దెబ్బ ఆ వైరు మీదుగా స్తంభం నుంచి సెట్‌టాప్ బాక్స్‌లోకి, అక్కడి నుంచి టీవీలోకి, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ పట్టుకుని గేమ్‌లోకి వచ్చింది. మా సెట్‌టాప్ బాక్స్‌తో పాటు వీధిలో చాలామందివి పోయాయి. ఇంటర్నెట్ మాత్రం ఫైబర్, గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి రూటర్ బతికింది. దీన్నిబట్టి దెబ్బ తగిలింది హెచ్‌డీఎంఐ వైపే అని బాబాయ్ అప్పుడే అన్నాడు. రుజువు కావాలి.

సేఫ్ మోడ్ (మెషీన్ కనీస సెట్టింగ్స్‌తో లేచే పద్ధతి) కూడా చూశాం. ఆఫ్‌లో ఉన్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే మొదట ఒక బీప్, 7 సెకన్లకి రెండోది వస్తుంది. అప్పుడు వదిలితే తక్కువ రిజల్యూషన్‌లో ఒక మెనూ రావాలి. రిజల్యూషన్ తేడా వల్ల బొమ్మ రాకపోతే ఇక్కడ దొరికిపోతుంది. మాకు రాలేదు.

తర్వాత గుర్తొచ్చింది రిమోట్ ప్లే. పీఎస్4 బొమ్మని ఇంటర్నెట్ మీద ఫోన్‌కి పంపే యాప్ అది. 2019లో 7.00 అప్‌డేట్‌తో మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లకి కూడా వచ్చింది. తమ్ముడు ముందే ఫోన్‌ని మెషీన్‌తో జత చేసుకునే వెళ్లాడు. ఆ బొమ్మకి హెచ్‌డీఎంఐ సాకెట్‌తో పనిలేదు, వైఫై మీద పోతుంది. వాడికి ఫోన్ చేసి యాప్ తెరవమన్నాను. ఇక్కడ తెల్ల లైటు వెలుగుతోంది, టీవీలో 'నో సిగ్నల్' అని తిరుగుతోంది. కాసేపు చప్పుడు లేదు. తర్వాత గట్టిగా అరిచాడు, "అన్నియ్యా, ఒచ్చింది! హోమ్ స్క్రీన్ ఒచ్చింది, నా గేములన్నీ ఉన్నాయి!"

బాబాయ్ ఫోన్ లాక్కుని, "నీకక్కడ కనపడతందేట్రా? ఏ రంగులో ఉంది?" అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు. ఆయన మొహంలో ఆ వెలుగు నేను మర్చిపోను. ప్రాసెసర్, మెమరీ, హార్డ్ డిస్క్, పవర్ సప్లై అన్నీ బాగున్నాయని ఆ ఒక్క కబురుతో తేలిపోయింది. 14,000 చెప్పిన బోర్డు హైదరాబాదుకి బొమ్మ పంపిస్తోంది.

ఆ పూటే నేను ఇక్కడ పెన్‌డ్రైవ్ గుచ్చాను, వాడు అక్కడి నుంచి సెట్టింగ్స్‌లోకి వెళ్లి సేవ్ చేసిన డేటా అంతా దానిలోకి కాపీ చేశాడు. మీ మెషీన్ కూడా ఇలాంటి స్థితిలోనే ఉంటే, ఎవరి చేతికైనా ఇచ్చేముందు ఈ పని చేయండి. అదే ఖాతాతో లాగిన్ అయితే ఏ పీఎస్4లోకైనా వాటిని తిరిగి ఎక్కించుకోవచ్చు.

మర్నాడు విప్పాం. స్టిక్కర్ల కింద ఉన్న స్క్రూలకి నడుమ కన్నం ఉన్న నక్షత్రం బిట్ కావాలి, టీ8 సైజు. పవర్ సప్లై జోలికి పోవద్దన్నాడు బాబాయ్. వైరు పీకేసినా దానిలో పెద్ద కెపాసిటర్ ఛార్జి పట్టుకుని ఉంటుంది. బోర్డు బయటికి తీసి భూతద్దం పెట్టి చూస్తే సాకెట్‌లో 19 పిన్నులూ తిన్నగానే ఉన్నాయి. కేబుల్ లాగి లాగి పిన్నులు వంగితే సాకెట్ ఒక్కటి మారిస్తే సరిపోయేది. మాది అది కాదు.

మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ గ్రౌండ్ మీద, నల్లది ఒక్కొక్క లైను మీద. బొమ్మని మోసుకెళ్లేవి నాలుగు జతలు: మూడు డేటావి, ఒకటి క్లాక్‌ది, మొత్తం 8 లైన్లు. ఏడింటికి ఇంచుమించు ఒకే అంకె వచ్చింది. ఎనిమిదో దానిమీద ప్రోబ్ పెడితే అంకె సున్నా దగ్గరికి జారిపోయింది, అంటే ఆ లైను గ్రౌండ్‌తో షార్టయింది. బాబాయ్ ప్రోబ్ కొన తుడిచి మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే. సాకెట్‌కీ చిప్పుకీ మధ్య ఆవగింజంత ఫిల్టరు ఉంటుంది. షార్టు ఎటువైపుందో తేల్చడానికి ఆయన సన్నటి ఐరన్‌తో దాన్ని లేపాడు. సాకెట్ వైపు షార్టు పోయింది, చిప్పు వైపు ఉండిపోయింది. ఆ చిప్పు పానసోనిక్ ఎంఎన్864729, స్లిమ్‌లో హెచ్‌డీఎంఐ బొమ్మ బయటికి పోయేది దాని గుండానే.

అంత చిన్న చిప్పు మార్చడానికి హాట్ ఎయిర్ (వేడిగాలితో టంకం కరిగించే యంత్రం), మైక్రోస్కోప్ కావాలి, బాబాయ్ దగ్గర లేవు. ఆమదాలవలసలో రైలెక్కి వైజాగ్ పట్టుకెళ్లాను. చిప్ లెవెల్ పని చేసే అతనికి బోర్డు ఇచ్చి, ఏ లైను షార్టో, ఏ ఫిల్టరు లేపామో కాగితం మీద రాసి ఇచ్చాను. అతను మీటరు పెట్టి సరిచూసుకుని, చిప్పు, ఫిల్టరు కలిపి 3,500 అన్నాడు. సాయంత్రానికి బొమ్మ వచ్చింది. బోర్డు అదే కాబట్టి హార్డ్ డిస్క్‌లో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఇప్పుడు మబ్బు పట్టిందంటే కేబుల్ వైరు, హెచ్‌డీఎంఐ తీగ, ప్లగ్గులు అన్నీ పీకేస్తున్నాం. బాబాయ్ డబ్బులు తీసుకోలేదు, కాలిపోయిన చిప్పు మాత్రం అడిగి ఉంచుకున్నాడు. అదే పిడుగుకి పోయాయని మూలన పడేసిన టీవీలు మా వీధిలో ఇంకా ఉన్నాయి. వాటికి బోర్డు మార్చమని చెప్పేముందు హెచ్‌డీఎంఐ లైన్లు కొలుస్తానని మొన్న ఒకటి అరుగు మీదకి దించుకున్నాడు.