జయపురం నుంచి బాలోద్‌గహన్ దాకా

ఛత్తీస్‌గఢ్‌లో ధమ్తరి దగ్గరి బాలోద్‌గహన్ ఊళ్లో ఉన్న మెన్నోనైట్ సంఘాన్ని (విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం ఇచ్చే ప్రొటెస్టెంట్ శాఖ) చూసి, పాత రిజిస్టర్లు వెతకాలనుకునే మనవాళ్ల కోసం ఇది. ఒడిశాలోని జయపురంలో తెల్లవారుజామున జగదల్‌పూర్ బస్సు పట్టుకుని, అక్కడ రాయ్‌పూర్ బస్సు మారితే చీకటి పడేలోగా ధమ్తరిలో దిగొచ్చు. ఆలస్యం ఎక్కువగా కేశ్‌కాల్ ఘాట్‌లోనే అవుతుంది. ఆ మలుపుల్లో ఒక్క లారీ చెడిపోతే రెండు వైపులా బండ్లు బారులు తీరతాయి. కాబట్టి జగదల్‌పూర్‌లో మధ్యాహ్నం దాటాక బయల్దేరే బస్సు వద్దు. ఆదివారం ఆరాధన కోసమైతే శనివారమే ధమ్తరి చేరి, రాత్రికి అక్కడే ఆగాలి. ఆరాధన హిందీలో ఉంటుంది. హిందీ బైబిలు చదవగలిగినవాళ్లు ఒకరైనా జట్టులో ఉండటం మంచిది.

మావి కోరాపుట్ వైపు లూథరన్ కుటుంబాలు. మెన్నోనైట్లు అంటే మాకు తెలిసింది పాలమూరు ఎం.బి. (మెన్నోనైట్ బ్రెదరెన్) సంఘాలే. ధమ్తరి వాళ్లది వేరే శాఖ. ఎం.బి. తరఫున అమెరికా నుంచి మిషనరీలు హీబర్ట్ దంపతులు హైదరాబాదు వచ్చిందీ, ధమ్తరి శాఖ తరఫున మిషనరీలు రెస్లర్, డాక్టర్ పేజ్ దంపతులు ధమ్తరి వచ్చిందీ 1899లోనే. పాలమూరులో నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. ధమ్తరికి వచ్చిన శాఖది తలమీద నీళ్లు పోసే పద్ధతి. పోయడం చూసి మనలాంటిదే అనుకోకూడదు. ఇది పసిబిడ్డలకు ఇచ్చేది కాదు, నోటితో విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే.

ఈ తేడా తెలియకపోతే సంఘం రిజిస్టరు చదవడంలో పొరపాటు జరుగుతుంది. మన రిజిస్టర్లలో బాప్తిస్మం తేదీకి కాస్త ముందే పుట్టిన తేదీ ఉంటుంది. అక్కడ బాప్తిస్మం నాటికి మనిషి ఎదిగి ఉంటాడు. బాప్తిస్మం సంవత్సరాన్నే పుట్టిన సంవత్సరంగా రాసుకుంటే తండ్రీ కొడుకుల లెక్క తారుమారవుతుంది. కరువు అనాథల విషయంలో వయసు కూడా అంచనాయే. తల్లిదండ్రులు లేకుండా వచ్చిన పిల్లలకు పుట్టిన రోజు చెప్పేవాళ్లెవరు? ఆ కుటుంబాల వంశవృక్షం 1900 దగ్గర ఆగిపోతే అది రిజిస్టరు రాసినవాళ్ల తప్పు కాదు.

బాలోద్‌గహన్ చరిత్ర మొదలయ్యేది ఆ పిల్లలతోనే. 1899-1900 కరువులో ధమ్తరి మెన్నోనైట్ మిషన్ వందల మంది అనాథలను చేరదీసింది. వాళ్లు పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లయ్యాయి. బతుకుతెరువుకు భూమి కావాలి. 1906లో మిషన్ బాలోద్‌గహన్ గ్రామాన్నే కొనేసింది. గ్రామం కొనడమంటే అక్కడి మాల్గుజారీ హక్కు కొనడం. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి, సర్కారు వాటా కట్టే బాధ్యత కూడా దాంతో వచ్చింది. వాక్యం చెప్పేవాళ్లే ఊరికి దొర అయ్యారు. ఈ సంఘం చరిత్రలో మాకు అన్నిటికంటే బరువైన విషయం ఇదే. శిస్తు అడిగే చెయ్యీ, ఆశీర్వదించే చెయ్యీ ఒకటే అయినప్పుడు, రైతు గుడికి రావడంలో విశ్వాసం ఎంత, మొహమాటం ఎంత అన్నది తేల్చడం కష్టం. అయినా భూమి చూపకుండా ఆ పిల్లలను వదిలేసి ఉంటే అంతకంటే అన్యాయం అయ్యేది. మాల్గుజారీ పోయాక కూడా ఆ సంఘం నిలిచింది, మాకు దాని మీద గౌరవం అందుకే.

అప్పట్లో ధమ్తరి ఉన్న మధ్యప్రదేశ్‌లో మాల్గుజారీ రద్దయింది 1951లో. పాత భూమి కాగితాలు చూడాలనుకునేవాళ్లు ఆ సంవత్సరాన్ని గీతగా పెట్టుకోవాలి. దానికి ముందువి మాల్గుజారు పేర, తర్వాతివి సాగుదారు పేర వెతకాలి. ఇప్పటి ఖస్రా (పొలం సర్వే నంబరు పత్రం), బీ-1 (భూమి ఎవరి పేర ఉందో చెప్పే పత్రం) నకళ్లు పట్వారీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) దగ్గర అడగాలి. కొత్త సర్వేతో ఖస్రా నంబర్లు మారుతుంటాయి కనుక నంబరు ఒక్కటే పట్టుకుని వెళ్తే దొరకదు. పొలం హద్దులు, పక్క రైతుల పేర్లు కూడా రాసుకుని వెళ్లాలి.

రిజిస్టరు కోసం పాస్టరుగారికి ముందే ఉత్తరం రాయడం మర్యాద. మన సంఘం పెద్దల సంతకంతో ఒక కాగితం కూడా తీసుకెళ్లాలి. పాత పుస్తకాన్ని జిరాక్స్ మిషను మీద బోర్లించి నొక్కితే కుట్లు తెగుతాయి. కిటికీ దగ్గర వెలుతురులో, పేజీ నంబరు కూడా పడేలా ఫోటో తీసుకుంటే చాలు.