వైకుంఠధామం కట్టించాను, బిల్లు కోసం ఐదేళ్లు తిరిగాను: నా అనుభవం

మా ఊరి వైకుంఠధామం (శ్మశానవాటిక) కోసం సర్పంచ్‌గా ఉన్నప్పుడు నేను అప్పు తెచ్చి పెట్టిన డబ్బులో చివరి విడత గత వారం చేతికి వచ్చింది. కుదువపెట్టిన గాజులు విడిపించుకొని ఇంటికి వచ్చిన రోజే ఇది రాయడానికి కూర్చున్నాను. తెలంగాణలో 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో గెలిచి కొత్తగా బాధ్యతలు తీసుకున్న సర్పంచులు, ముఖ్యంగా ఆడవాళ్లు, నేను పడిన బాధ పడకూడదని నా కోరిక.

2019 జనవరిలో నేను సర్పంచ్‌గా గెలిచేనాటికి మా ఊళ్లో చెరువు అంచున తుమ్మచెట్ల మధ్య ఒక బొందలగడ్డ తప్ప మరేమీ లేదు. అంతకు రెండేళ్ల ముందు, శ్రావణమాసపు ముసురులో, మా ఆయన కాష్టం అక్కడే పేర్చారు. తలకొరివి పెట్టి వచ్చిన నా కొడుకు, తడిసిన కట్టెలు అంటుకోలేదని, నలుగురు మనుషులు పైన టార్పాలిన్ పట్టుకొని నిలబడవలసి వచ్చిందని, తరువాత అందరూ బురదనీళ్లలోనే స్నానం చేశారని చెప్పి ఏడ్చాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

2019 సెప్టెంబరు 6న పల్లెలను బాగుచేసే ముప్పై రోజుల ప్రణాళిక మొదలై, ప్రతి గ్రామపంచాయతీకి నర్సరీ, డంపింగ్ యార్డులతో పాటు వైకుంఠధామం కూడా ఉండాలని ప్రభుత్వం చెప్పినప్పుడు, మా గ్రామసభ ఒక్క పూటలో తీర్మానం చేసింది. పాత చోటు చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే భూమి, కాబట్టి అక్కడ కట్టడం కుదరదని తెలిసి, ఊరికి దక్షిణాన ఉన్న ఎకరం ప్రభుత్వ భూమిని అడిగాము. సర్వేయరు వచ్చి రెండు రోజుల్లో హద్దులు చూపించాడు. మాకు ఇచ్చిన ప్లానులో దహనవేదికలు, స్నానాల గదులు, మరుగుదొడ్లు ఉన్నాయి గాని పూడ్చేవారి సంగతి లేదు. మా ఊళ్లో లింగాయతులు పార్థివదేహాన్ని కూర్చోబెట్టి సమాధి చేస్తారు, ఇంకా కొన్ని కులాలలో పూడ్చే ఆచారమే ఉంది. అందువల్ల ఆ ఎకరంలో పది గుంటలు, అంటే పావు ఎకరం, వాళ్లకే వదలాలని పట్టుబట్టి తీర్మానంలో రాయించాను. అది నేను చేసిన మంచి పనులలో ఒకటని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాను.

అంచనా 12.60 లక్షల రూపాయలు, పని ఉపాధి హామీ కింద. అప్పటి నియమాల ప్రకారం ఆ పథకంలో గుత్తేదారును పెట్టకూడదు, కూలీల పనిని తప్పించే యంత్రాలు వీలైనంతవరకు వాడకూడదు. కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే కాబట్టి అది నేరుగా కూలీల ఖాతాలలో పడింది. ఇటుక, సిమెంటు, ఇనుము వంటి సామగ్రి ఖర్చును మాత్రం కేంద్రం 75, రాష్ట్రం 25 పాళ్లలో భరించవలసి ఉండేది. ఆ రెండూ కలిసి వచ్చేదాకా దుకాణదారు ఆగడు. అందుకని నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాను, చాలనప్పుడు గాజులు కుదువపెట్టాను.

నన్ను కుంగదీసినది కొలతల దగ్గర జరిగింది. పునాది తవ్విన రోజున రమ్మని ఇంజనీరుకు మూడుసార్లు ఫోను చేయించాను, ఆయన రాలేదు. మబ్బులు కమ్ముకొస్తుంటే కందకం కూలిపోతుందని మేస్త్రీ తొందరపెట్టడంతో రాయి కట్టి పూడ్చేశాము. పదిహేను రోజుల తరువాత వచ్చిన ఇంజనీరు, కంటికి కనబడని పునాదికి కొలత ఎలా రాస్తామని అడిగి, అంచనాలో ఉన్న లోతులో సగమే ఎం.బి.లో (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో) రాసుకొని వెళ్లిపోయాడు. నేను మండల కార్యాలయానికి వెళ్లి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వరండాలో బల్లమీద కూర్చున్నాను. చివరికి ఆ ఇంజనీరు లోపలికి పిలిచి, నా చేతిలోని కాగితాలైనా చూడకుండా, "అమ్మా, ఇవన్నీ మీకు అర్థం కావు, సార్‌ను పంపించండి, మాట్లాడుకుంటాం" అన్నాడు. ఏ సార్ అని అడిగాను. "మీవారమ్మా" అన్నాడు. ఆయనను కాల్చిన ఊరికి కాష్టం గడ్డ కట్టించడానికే వచ్చానని చెప్పాలనుకున్నాను గాని గొంతు పెగలలేదు. గదిలో ఉన్న మరో ఇద్దరు సర్పంచుల భర్తలు తల వంచుకొని కూర్చున్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. బయటికి వచ్చి బస్టాండులో ఒక గంటసేపు కూర్చుంటే గాని ఇంటికి వెళ్లే శక్తి రాలేదు.

ఆ కొలత సరిచేయించడానికి ఏడుసార్లు తిరిగాను. చివరికి పైఅధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, పునాది పక్కన రెండు చోట్ల మళ్లీ గొయ్యి తవ్వించి, ఆయన ఎదుటనే టేపు ఒక కొసను నేనే పట్టుకున్నాను. లోతు మేము చెప్పినంతే ఉంది. కాబట్టి ఇప్పుడు గెలిచినవారికి నేను చెప్పేది ఇదే: పునాది పూడ్చేముందు తేదీ పడేలా ఫోటోలు తీయించండి, ఎం.బి.లో రాసిన ప్రతి పేజీ నకలు అదే రోజు అడిగి తీసుకోండి, నోటిమాటగా ఏదీ నమ్మకండి, అర్జీ ఇచ్చిన ప్రతిసారీ ముద్ర వేయించుకోండి. మిమ్మల్ని వదిలి మీ ఇంటి మగవాళ్లతో మాట్లాడతామన్నవారితో, ఓటు ఎవరికి పడిందో గట్టిగా చెప్పండి; నేను ఆ రోజు చెప్పలేకపోయాను.

ఆ తరువాత డబ్బు విడతలు విడతలుగా వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మా పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారి వచ్చాక, నేను ఏ హోదా లేని మనిషిగా అదే వరండాలో నిలబడవలసి వచ్చింది.

కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. బోరు మోటారు కరెంటు బిల్లు, తుమ్మకంప నరికించడం, పగిలిన కుళాయిలు మార్చడం వంటివాటికి విడిగా ఏ నిధీ రాదు. 2021 నుంచి 2026 మార్చి దాకా పదిహేనవ ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం ఇచ్చిన సొమ్ములో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేది, మిగిలిన 40 శాతంలోనే ఊరి అవసరాలన్నీ చూసుకోవలసి వచ్చేది, అందులోనుంచి జీతాలు ఇవ్వకూడదు. ఎన్నికైన పాలకవర్గం లేని కాలంలో ఆ సొమ్ము కూడా ఆగిపోయి, మా బోరు ఎనిమిది నెలలు పనిచేయలేదు. శవం వెంట వచ్చినవాళ్లు మళ్లీ బిందెలతో నీళ్లు మోశారు.

నేను ఉన్నన్నాళ్లు దహనమైనవారి, పూడ్చినవారి పేర్లు తేదీలతో ఒక రిజిస్టరులో రాయించాను. మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించుకోవాలన్నది చాలా ఇళ్లలో తెలియదు. ఆ పుస్తకం చూసి కార్యదర్శి తానే వాళ్ల ఇళ్లకు కబురు పంపేవాడు. మొన్న కొత్త సర్పంచ్ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ రిజిస్టరును, సర్వేయరు గీసిన పటం నకలును అప్పగించాను. పూడ్చేవారికి వదిలిన పది గుంటల చుట్టూ హద్దురాళ్లు ఇంకా పాతలేదని, పక్క పొలం వాళ్లు దున్నకముందే, ఈ వానాకాలం లోపలే, ఆ పని చేయించమని అడిగాను.