వానలో పడవ పాట

ఖరగ్‌పూర్‌లో పొద్దున్నుంచీ ఒకటే వాన. గోల్‌బజార్‌కి వెళ్లి కూరలు తెచ్చుకుందామనుకున్నాను, కుదరలేదు. ఉతికిన బట్టలన్నీ గదిలో తాళ్ల మీదే ఉన్నాయి. పదకొండింటికి పక్కింటి మాషీమా (బెంగాలీలో పిన్నిగారని) గిన్నెలో మురీలు, పచ్చిమిరపకాయలు పట్టుకుని వచ్చారు. బెంగాలీలో మురి, మా శ్రీకాకుళంలో మురీలు. ఈ మాట విన్నప్పుడల్లా ఆవిడకి సంతోషమే.

టీ పెట్టి, టీవీలో కోక్ స్టూడియో బాంగ్లా అనే బంగ్లాదేశ్ పాటల కార్యక్రమం పెట్టాను. 2022 ఫిబ్రవరిలో ఢాకాలో ఈ సిరీస్ మొదలైనప్పటి నుంచీ వింటున్నాను. మొదటి పాటలోనే హాజోంగ్ భాష వినిపించింది. బంగ్లాదేశ్‌లో చాలా కొద్దిమంది మాట్లాడుకునే భాష అది. అంత పెద్ద కార్యక్రమం తెర తీస్తూ వాళ్ల మాటతో మొదలుపెట్టడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది. దీన్ని నడిపించిన అర్ణబ్ శాంతినికేతన్‌లో చదువుకున్నాడు.

ఇవాళ పెట్టింది 2023 నాటి ‘దేఓరా’. అంటే మరిది. ఇది సారి గాన్, పడవ పందేల పాట. పడవవాళ్లే పాడుకునే భాటియాలి వేరు, ఇది వేరు. భాటియాలిలో పడవ వాలుకి పోతూ ఉంటుంది, తెడ్డు వేసే పని పెద్దగా ఉండదు, ఒక్కడే కూర్చుని గొంతు ఎంత దూరం సాగితే అంత దూరం సాగదీస్తాడు. సారి గాన్‌లో వరసగా కూర్చున్న వాళ్లందరి తెడ్లూ ఒక్కసారే నీళ్లలో పడాలి. పాట తాళం తప్పితే పడవ వెనకబడుతుంది. కాబట్టి ఈ పాట చెవికోసం పుట్టింది కాదు, భుజాలకోసం పుట్టింది. సంగీతకారుడు ప్రీతమ్ హసన్ దానికి కొత్త వాయిద్యాలు, బృందగానం జోడించినా ఆ తెడ్డు దెబ్బని మాత్రం కదపలేదు.

మధ్యలో ఇస్లాముద్దీన్ పాలాకార్ వచ్చి గొంతెత్తాడు. బంగ్లాదేశ్‌లోని కిశోర్‌గంజ్ మనిషి, పాలా గాన్ కథలు పాడేవాడు. మాషీమా నములుతున్న మురీలు ఆపేశారు. ఆవిడ పుట్టింది మైమన్‌సింగ్ జిల్లాలో. అప్పట్లో కిశోర్‌గంజ్ కూడా ఆ జిల్లాలోదే. దేశ విభజన తర్వాత ఆరేడేళ్ల వయసులో ఇటు వచ్చేశారు. వానాకాలం వస్తే పొలాలన్నీ సముద్రమైపోయేవట, పక్క ఊరికైనా పడవే దిక్కట. స్కూల్లో తన యాసని వెక్కిరిస్తారని ఇక్కడి మాట నేర్చుకుని, ఇంట్లో తప్ప ఎక్కడా అది మాట్లాడలేదట. ‘మా నాన్న ఇలాగే అనేవాడు’ అన్నారు మెల్లగా. ఆవిడ కుడిచెయ్యి ఒళ్లో తెడ్డు వేస్తున్నట్టు ముందుకీ వెనక్కీ కదులుతోంది. నేను టీవీ చూడ్డం మానేసి ఆ చెయ్యే చూశాను.

జానపదాన్ని గిటార్లతో కలిపితే పాడైపోతుందని మా ఆఫీసులో ఒకాయన అంటుంటారు. నేను ఒప్పుకోను. పల్లెటూరి గాయకుణ్ణి రెండు లైన్లకి పిలిచి, మిగతా పాటంతా పేరున్నవాళ్లకి ఇచ్చేస్తే అప్పుడు పాడవుతుంది. ఇక్కడ పాలాకార్ నడిమధ్యలో నిలబడి, తన యాసలోనే, తన ఒళ్లంతా ఆడించి పాడాడు. ఒక్కటి మాత్రం నిజం: నది మీద ఈ పాట పందెం అయ్యేదాకా సాగుతుంది, టీవీలో నిమిషాల్లో అయిపోతుంది. ఆ లోటు నాకూ తెలుస్తోంది.

మాషీమా మళ్లీ పెట్టమన్నారు. మూడోసారి అయ్యాక, ‘మీకు ఇలాంటివి లేవా?’ అని అడిగారు.

నాన్న ఇక్కడే రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. గునపాలు పెట్టి ట్రాక్ జరిపేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లంతా ‘ఐలెస్సా’ అని అందుకునేవారని చిన్నప్పుడు చెప్పారు. ఆ ఒక్క ముక్క తప్ప నాకేం రాదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడగలేదని గుండెలో కలుక్కుమంది.

మధ్యాహ్నం పలాసకి ఫోన్ చేశాను. ‘ఇప్పుడెందుకమ్మా అవి?’ అన్నారు నాన్న. తర్వాత గొంతు సవరించుకుని ఎత్తుకున్నారు. అందుకునేవాళ్లు లేక ఆగుతుంటే నేనూ మాషీమా ఇటునుంచి ‘ఐలెస్సా’ అన్నాం. ఫోన్‌లో రికార్డు చేశాను, రెండు నిమిషాల పది సెకన్లు. వచ్చే ఆదివారం మిగతాది పాడతానన్నారు.