టెర్రస్: రైలు పెట్టిన ఊరు, రైలే తీసేసింది

అమెరికాలోని యూటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు దాటి పడమరకి వెళ్తే ఎడారిలో టెర్రస్ అనే ఊరు ఉండేది, ఇప్పుడు ఒక్క ఇల్లు కూడా లేదు. ఈ ఊరి గురించి ఎప్పటినుంచో రాయాలని ఉంది.

1869లో సెంట్రల్ పసిఫిక్ రైల్వే వాళ్లు తూర్పుకి పట్టాలు వేసుకుంటూ వచ్చి దీన్ని పెట్టారు. మన గుంతకల్లు, కాజీపేట లాగా రైల్వే మీదే బతికిన ఊరు, 16 ఇంజన్లు పట్టే లోకో షెడ్, రిపేర్ షాపులు, హోటళ్లు, లైబ్రరీ కూడా ఉండేవి. నీళ్లే లేవు. స్టీమ్ ఇంజన్ నీళ్లు లేకుండా కదలదు కదా, అందుకని ఎక్కడో కొండల్లోంచి చెక్క గొట్టాల్లో మైళ్ల కొద్దీ తెచ్చుకున్నారు.

ఈ లైన్ వేసిన కూలీల్లో ఎక్కువమంది చైనా వాళ్లు, పని అయ్యాక కొంతమంది టెర్రస్‌లోనే ఉండిపోయి పట్టాలు బాగుచేస్తూ, దుకాణాలు నడుపుతూ బతికారు. నాకు బాధ అనిపించేది ఏంటంటే, కంపెనీ జీతాల లెక్కల్లో చాలా చోట్ల ముఠా మేస్త్రీ పేరే రాసేవారు, పని చేసినవాళ్ల పేర్లు ఉండవు. అందుకే ఈమధ్య తవ్వకాల్లో అక్కడ ఒక చైనా ఇల్లు బయటపడిందని చదివినప్పుడు చాలా సంతోషం వేసింది. పింగాణీ గిన్నె ముక్కలు, 17వ శతాబ్దం నాటి చైనా నాణెం దొరికాయి. అన్నేళ్ల నాటి నాణెం అంత దూరం ఎందుకు మోసుకొచ్చారో!

1904లో సరస్సు మీదుగానే కర్రల వంతెన కట్టి లూసిన్ కటాఫ్ అని కొత్త లైన్ వేశారు, 40 మైళ్లకి పైగా దూరం తగ్గింది, ప్రోమంటరీ కొండల దగ్గర ఎత్తు ఎక్కే బాధ కూడా పోయింది. రైల్వేకి లాభమే, టెర్రస్ మాత్రం మెయిన్ లైన్ మీద లేకుండా పోయింది. షెడ్ పని పక్క రాష్ట్రం నెవాడాలోని మోంటెల్లో అనే ఊరికి మార్చేశారు, దాని వెనకే జనం కూడా వెళ్లిపోయారు. 1942లో యుద్ధానికి ఇనుము కావాలని పాత పట్టాలు కూడా పీకేశారు.

ఇప్పుడు ఆ పాత రైలు కట్ట మీదే కారులో వెళ్లొచ్చు. ఇటుక ముక్కలు, శ్మశానం కనిపిస్తాయి. ఏదీ ఏరి తెచ్చుకోకండి, చట్టం ఒప్పుకోదు. పెట్రోల్ నిండా కొట్టించుకోండి, స్పేర్ టైర్ తప్పనిసరి, అక్కడి పాత రైలు మేకులు ఇంకా టైర్లలో దిగుతుంటాయి.