వేప చెట్టు కింద కోళ్ల కబుర్లు

ఆదివారం మా పెరట్లో కోళ్లు పెంచేవాళ్లం నలుగురం చేరితే మాటలన్నీ జాతుల మీదే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రెండూ నా దగ్గరున్నాయి, గుడ్లకైతే నా ఓటు గ్రామప్రియకే, కాకపోతే అవి సాధారణంగా పొదుగుకి కూర్చోవు కాబట్టి ఆ గుడ్లు మా అసీలు పెట్ట కింద పెడతాను. 21 రోజులు కదలదు, దగ్గరికెళ్తే పొడుస్తుంది. బంగారు తల్లి!

"కడక్‌నాథ్ తెచ్చుకో బావా, మాంసం కూడా నల్లగానే ఉంటుంది" అన్నాడు మా బావమరిది. నాకు మాత్రం కౌజు పిట్టల వేపుడంటేనే ప్రాణం, పైగా ఐదారు వారాలకే కూరకి సిద్ధమవుతాయి. పక్కింటి పిన్ని ఒప్పుకోలేదు: "ముందు నా బాతు పులుసు తిను, తర్వాత మాట్లాడు." వచ్చే ఆదివారం అందరం వాళ్లింట్లోనే.