మరి ఆ పిల్లలేమయ్యాయి?

మే నెల మొదటి శనివారం నాడు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక చిన్న వాగులో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పదకొండేళ్ల మా అబ్బాయి గాలం వెయ్యనన్నాడు. ఎదురుగా పది అడుగుల దూరంలో, ఎవరో చీపురుతో ఊడ్చినట్టు గుండ్రంగా తేటపడిన గులకరాళ్ల మీద స్మాల్‌మౌత్ బాస్ అనే చేప ఒకటి కదలకుండా నిలిచి ఉంది. పొద్దుటి నుంచి ఒక్క చేపా తగలని నాకు అంతకంటే సులువైన అవకాశం కనబడలేదు. వెయ్యరా అన్నాను. అది గుడ్లకు కాపలా ఉంది నాన్నా, వద్దు అన్నాడు, ఇంగ్లీషులోనే.

ఎలాగూ వదిలేస్తాం కదా అని వాదించాను. మిస్సోరీ నదికి దక్షిణాన ఉన్న వాగుల్లో చాలావాటిలో మార్చి నుంచి మే నాలుగో శనివారం దాకా బాస్‌ను పట్టవచ్చు గానీ ఇంటికి తీసుకుపోకూడదు. చట్టం నా పక్షానే ఉంది. వాడు ఓపికగా నాకు పాఠం చెప్పాడు. తల్లి చేప గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుందట. ఆ గూడు చేసేదీ, తోకతో నీళ్లు విసురుతూ గుడ్ల మీద మట్టి పేరుకోకుండా చూసేదీ, పిల్లలు నల్లటి చుక్కల్లా లేచి ఈదడం మొదలుపెట్టిన తరువాత కూడా కొన్నాళ్లు వాటిని కాసేదీ తండ్రేనట. మనం ఆ తండ్రిని పైకి లాగి, కొలిచి, ఫొటో తీసి వదిలే రెండు నిమిషాల్లో సన్‌ఫిష్ అనే చిన్న చేపలు గూటి మీద పడి గుడ్లు మెక్కేస్తాయట.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. చేప అంటే పులుసుకే గానీ ఆటకు కాదనీ, తినే ఉద్దేశం లేనప్పుడు ఒక ప్రాణి నోట్లో ముల్లు గుచ్చడం పాపమనీ నాలుగేళ్లుగా వాడికి నేనే ఉపన్యాసాలిచ్చాను. పట్టి వదిలే ఈ దేశపు సరదాను భోజనాల బల్ల దగ్గర ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్క లేదు. ఆ రోజు మాత్రం ఒక్క చేప కోసం ఆ సరదా తరఫునే వకాల్తా పుచ్చుకున్నాను. ఇంతా చేసి, మా ఇంట్లో పులుసు కాగేది భారతీయ దుకాణంలో కొన్న గడ్డకట్టిన బొచ్చె ముక్కలతోనే.

వాదనలో ఓడిపోతున్నానని తెలిసి, నా పాత ఆయుధం బయటికి తీశాను. కొల్లేటి దగ్గర మా ఊరి పంటబోదెలో, వాడి వయసులోనే, నేను కొరమీనును పట్టిన కథ అది. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కుంకుమ చల్లినట్టు కదులుతూ ఉంటే, దాని కింద పెద్ద చేప కాపు కాస్తుందని ఊళ్లో పిల్లలందరికీ తెలుసు. గాలానికి చిన్న కప్పను గుచ్చి ఆ గుంపు నడుమ ఆడిస్తే, పిల్లల జోలికి వచ్చిందన్న కోపంతో అది వచ్చి పట్టేస్తుంది. తెలుగు వంటబట్టాలని వాడికి పాలు తాగే వయసు నుంచి ఈ కథ చెబుతున్నాను, ప్రతిసారీ చేపను ఒక జానెడు పెంచుతూ. వాడు అంతా విని, వాగులోకి చూస్తూ, "మరి ఆ పిల్లలని ఎవరు చూసుకుంది?" అని తెలుగులో అడిగాడు.

"చూసుకుంది కాదు, చూసుకున్నారు అనాలి" అన్నాను నేను.

అదీ నా జవాబు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ ప్రశ్న నాకు తట్టనే లేదన్న మాటను వ్యాకరణం కింద దాచేశాను. పైగా ఉచ్చారణ విషయంలో మా ఇద్దరికీ ఆ వాగు దగ్గరే పాత లెక్క ఒకటి ఉంది. దాని పేరు ఫ్రెంచివారు పెట్టినది. అట్లసులో చూసి నేను కోర్ట్వా అంటే, స్థానికులు దాన్ని కోటవే అంటారని వాడు నవ్వుతూ దిద్దాడు. నేను నొచ్చుకున్నాను. వాడి ళకారాన్ని రోజుకు పదిసార్లు దిద్దేటప్పుడు వాడికెలా ఉంటుందో అప్పుడైనా ఆలోచించి ఉండవలసింది.

తిరుగు ప్రయాణంలో వాడే నన్ను ఓదార్చబోయి ఇంకొంచెం గుచ్చాడు. కొరమీను జాతి మొత్తాన్ని ఈ దేశం 2002లోనే హానికరమైన వన్యప్రాణుల జాబితాలో చేర్చిందనీ, దాని బంధువు ఒకటి 2019లో మిస్సోరీలో కూడా దొరికిందనీ, అలాంటిది గాలానికి పడితే వదలకుండా చంపమనే చెబుతారనీ, కనుక నేను చేసినది ఇక్కడైతే తప్పు కాదనీ అన్నాడు. మా ఊళ్లో చుట్టం వస్తే వండే చేప అది, తెలంగాణకైతే రాష్ట్ర చేప కూడానూ. నాకు ఊరట కలగాలో ఉక్రోషం రావాలో తేలక, రేడియో పెట్టి గంటన్నర పాటు మాట్లాడకుండా కారు నడిపాను.

పిల్లలను వాగుల దగ్గరకు తీసుకువెళ్లండి, అక్కడ వాళ్లతో తెలుగులోనే మాట్లాడండి అని మిత్రులకు సలహా ఇస్తూ ఉంటాను. ఇప్పుడు ఆ సలహా ఇవ్వడానికి కొంచెం తడబడుతున్నాను. తెలుగు నేర్పాలని కథలు చెబుతాం. ఆ తెలుగులోనే వాళ్లు తిరిగి అడిగితే ఏం చెప్పాలో ముందుగా అనుకోము.

మొన్న రాత్రి మా చిన్నది కొరమీను కథ చెప్పమంది. మొదలుపెట్టాను, ఎర్రటి గుంపు దాకా వచ్చాను, కప్పను గుచ్చే చోట ఆగి, ఇంతలో పెద్ద వాన వచ్చింది, చేప తగలలేదు, ఇంటికి వచ్చేశాను అని ముగించాను. పక్క మంచం మీద పుస్తకం చదువుకుంటున్న అబ్బాయి తల ఎత్తకుండానే, ఏ తప్పూ లేని తెలుగులో, "అబద్ధం" అన్నాడు.