చేత్తో స్టార్ట్ చేస్తే నడుస్తుంది, బూట్‌లో మాత్రం మొండికేస్తుంది

నా హోస్ట్‌లో (అసలు లినక్స్ కంప్యూటర్‌లో) ఉన్నది ఒకటే గ్రాఫిక్స్ కార్డు. దాన్ని కేవీఎంలో (లినక్స్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) నడిచే వర్చువల్ మెషీన్‌కి (వీఎం) పాస్‌త్రూ ఇచ్చాను, అంటే కార్డును నేరుగా దానికే అప్పగించాను. ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా) లాగిన్ అయి, కార్డును రిమూవ్ చేసి, కార్డులు అమర్చే పీసీఐ బస్సును రీస్కాన్ చేసి, ఆ తర్వాత వీఎం స్టార్ట్ చేస్తే చక్కగా నడిచేది. ఆటోస్టార్ట్ పెట్టి హోస్ట్‌ను రీబూట్ చేస్తే మాత్రం మానిటర్ మీద ఏమీ రాదు. అదేం విచిత్రమో, స్టేటస్‌లో వీఎం 'రన్నింగ్' అనే ఉంటుంది.

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు బయోస్‌లో ఐఓఎంఎంయూ (పరికరాల మెమరీ వాడకాన్ని అదుపు చేసే భాగం, పాస్‌త్రూకి ఇది ఉండాలి) ఆన్‌లో ఉందో లేదో చూడమంటారు. చేత్తో స్టార్ట్ చేస్తే నడుస్తోందంటే అది బాగానే ఉన్నట్టు, అందుకే అటు పోలేదు. బూట్ అయ్యే సమయానికి కార్డు ఎవరి చేతిలో ఉందన్నదే తేలాలి.

కర్నెల్ లాగ్ తెరిస్తే పేజీల కొద్దీ ఒకటే లైను: పీసీఐ నంబర్ 01:00.0 ఉన్న కార్డు బార్ 1ని (కార్డు మెమరీకి కేటాయించిన అడ్రస్ ప్రాంతం) రిజర్వ్ చేయలేకపోతున్నానని వీఎఫ్ఐఓ (కార్డును వీఎంకి అప్పగించే డ్రైవర్) గోల. పక్కనే మెమరీ అడ్రస్ కూడా ఇచ్చింది. ఆ అడ్రస్ పట్టుకుని ప్రాక్ ఫోల్డర్ కింద ఉండే, ఏ అడ్రస్ ఎవరి దగ్గరుందో చూపే ఐఓమెమ్ ఫైల్లో వెతికాను. (రూట్‌గా చూడాలి, లేకపోతే అడ్రస్‌లన్నీ సున్నాలే కనిపిస్తాయి.) కార్డు కింద బూట్‌ఎఫ్‌బీ (బూట్ ఫ్రేమ్‌బఫర్) అని ఒక ఎంట్రీ ఉంది. దొంగ దొరికాడు.

బూట్ మెసేజ్‌లు తెర మీద చూపించడానికి కర్నెల్ ఈ కార్డు మెమరీలోనే ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే చోటు) పెట్టుకుంటుంది. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో 'డ్రైవర్ ఇన్ యూజ్' ఎదురుగా వీఎఫ్ఐఓ-పీసీఐ అని కనిపించగానే అంతా సరిగ్గా ఉందనిపిస్తుంది. కానీ ఇల్లు మన పేరు మీద రిజిస్టర్ అయినా పాత అద్దెవాళ్లు ఒక గది ఖాళీ చేయనట్టు, మెమరీలో ఆ ముక్క మాత్రం ఫ్రేమ్‌బఫర్ దగ్గరే ఉండిపోయింది. రిమూవ్, రీస్కాన్ చేస్తే పని జరగడానికి కారణం కూడా ఇదే: కార్డుతో పాటు ఆ పట్టు కూడా పోతుంది.

పాత గైడ్లు ఈఎఫ్ఐఎఫ్‌బీని (ఫ్రేమ్‌బఫర్ డ్రైవర్) ఆఫ్ చేసే కర్నెల్ పారామీటర్ పెట్టమంటాయి. 5.15, ఆ తర్వాతి కర్నెల్స్‌లో దాన్ని నమ్ముకోలేం. ఇనిట్‌కాల్ బ్లాక్‌లిస్ట్ (బూట్‌లో నడపకూడని కర్నెల్ ఫంక్షన్లు చెప్పే పారామీటర్) పెట్టి, అందులో ఆ ఫ్రేమ్‌బఫర్‌ను ఏర్పాటు చేసే సిస్‌ఎఫ్‌బీ ఇనిట్‌ను చేర్చాకే నాకు పని జరిగింది. దీనికి ముందు ఎస్ఎస్‌హెచ్ గ్యారంటీగా పనిచేస్తోందని చూసుకోవాలి, ఎందుకంటే బూట్‌లోడర్ దాటాక హోస్ట్ తెర మీద ఒక్క అక్షరం కూడా రాదు. ఏదైనా తేడా వస్తే గ్రబ్ (బూట్‌లోడర్) మెనూలో 'ఈ' నొక్కి ఆ ఒక్క బూట్‌కి పారామీటర్ తీసేయొచ్చు. ఇది తెలిసి ఉంటే సగం టెన్షన్ ఉండదు.

బొమ్మ వచ్చింది, సౌండ్ సంగతి వేరు. కార్డులోని ఆడియో భాగం 01:00.1ని ఒక్కో బూట్‌లో హోస్ట్ సౌండ్ డ్రైవరే ముందు పట్టేసుకునేది. సౌండ్ డ్రైవర్ కన్నా ముందు వీఎఫ్ఐఓ-పీసీఐ లోడ్ అవ్వాలని సాఫ్ట్‌డెప్ లైను రాసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ని (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) అప్‌డేట్ చేశాక అదీ కుదిరింది. డ్రైవర్ మాడ్యూల్‌గా కాకుండా కర్నెల్‌లోనే కలిసిపోయి ఉంటే మాత్రం సాఫ్ట్‌డెప్ పనిచేయదు.

ఇంకో ప్రమాదం ఉంది. తర్వాత మదర్‌బోర్డుకి కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెడితే పీసీఐ నంబర్లు జరిగాయి. వీఎం కాన్ఫిగ్‌లో పాత నంబరే ఉంది, ఆ నంబర్‌లో ఇప్పుడున్నది హోస్ట్ నెట్‌వర్క్ కార్డు. ఆటోస్టార్ట్ దాన్ని నేరుగా వీఎంకి అప్పగించింది, ఎస్ఎస్‌హెచ్ పోయింది. తెర ఎలాగూ లేదు. కీబోర్డు పెట్టి, గ్రబ్‌లో ఐఓఎంఎంయూని ఆఫ్ చేసి బూట్ చేస్తే వీఎం లేవలేదు, నెట్‌వర్క్ తిరిగొచ్చింది, కాన్ఫిగ్‌లో నంబర్ మార్చాను. ఇప్పుడు క్యాబినెట్ మూత తీయాల్సి వస్తే ముందు ఆటోస్టార్ట్ ఆపేస్తున్నాను.